మైకుకు అందని మాట

“సర్వశక్తిగల ప్రభువా, ఈ ఉప్మాను ఆశీర్వదించు. దీన్ని వండిన చేతులను ఆశీర్వదించు. ఆ చేతులున్న మనిషికి ఒక నోరు గూడ ఇచ్చినవు తండ్రీ. పోయిన శుక్రవారం సంది ఆ నోరు తాళమేసుకొని కూసున్నది. ఆ తాళంచెవి ఏడ పడ్డదో నీకెర్క. జర దేవులాడి ఇయ్యి ప్రభువా.”

“ఆమెన్,” అన్నాడు వెంకట్రాజం, ఆమెన్‌కు ఇంకా ముహూర్తం రాలేదని తెలిసీ.

కాశిబుగ్గలోని ఆ ఇంట్లో వారంగా అత్తాకోడళ్ల రాకపోకలన్నీ పరలోకం మీదుగానే సాగుతున్నాయి. బల్లకు ఈ కొసన కూర్చున్న శకుంతల ఆ కొసన కూర్చున్న సింధుతో చారులో ఉప్పు తక్కువైందని చెప్పాలన్నా సరే, ఆ మాట ముందు ఆకాశానికెక్కి, మహిమగల సింహాసనం ఎదుట సాగిలపడి, అక్కడ ముద్ర వేయించుకొని కిందికి దిగవలసిందే. దేవదూతలకు ఇంతటి పని ఈ మధ్యకాలంలో ఏ ఇంటినుంచీ తగిలి ఉండదు.

శకుంతల సామాన్యురాలు కాదు. మందిరంలోని స్త్రీల సమాజానికి అధ్యక్షురాలు. ప్రార్థన అనే మహాసామ్రాజ్యానికి కాశిబుగ్గ వరకు ఏకచ్ఛత్రాధిపతి. ఆమె కొంగు తలమీదికి లాక్కుని లేచి నిలబడితే చంటిపిల్లలు ఏడుపు ఆపుతారని, శుక్రవారపు ఉపవాసాల్లో పచ్చిమంచినీళ్లైనా ముట్టదని ఊరంతా ప్రతీతి. మొదటి సంగతి నిజమే.

వంతు ప్రకారం తరువాతి ప్రార్థన ఇంటి యజమానిది. జంపఖానాలు నేసే వెంకట్రాజం పోగు తెగకుండా మాట్లాడడం మగ్గం దగ్గరే నేర్చుకున్నాడు.

“ప్రభువా, ఉప్మా సల్లారుతాంది. ఆమెన్.”

తరువాత కొడుకు ఇమ్మానుయేలు. తల్లికీ భార్యకూ దీవెనలు సమానంగా పంచదలచి, ఎవరి పేరు ముందు చెప్పాలో తేలక, “ఈ ఇంట్ల ఉన్న ఆడోళ్లందర్నీ సల్లగ చూడు తండ్రీ,” అని గట్టెక్కాడు. ఇద్దరే ఉన్నచోట ‘అందర్నీ’ అనడం రాజనీతి.

తరువాతి వంతు సింధుది.

సింధు మాట్లాడలేదు. ఆమె వంతు వారంగా ఇట్లాగే ఖాళీగా గడుస్తున్నది. పొయ్యిమీద పాలు పొంగుకు వస్తున్న సడి వినబడుతున్నది. ఎవరూ కళ్లు తెరవలేదు. తెరిస్తే ఎదుటివాళ్లను చూడవలసి వస్తుంది.

శకుంతలే ముగింపుకు దిగింది. “నోరు తెరవనోళ్ల నోరు నువ్వే తెరువు తండ్రీ...”

“తెరిచిండు, అత్తమ్మా.”

నాలుగు జతల కళ్లూ తెరుచుకున్నాయి.

“సాయంత్రం బస్సుకు మరిపెడ పోతాన,” అన్నది సింధు. “మా అమ్మ దగ్గరికి.”

“ఎన్ని రోజులకు?” ఇమ్మానుయేలు అడిగాడు.

“తెల్వది.”

“ఇయ్యాల సాయంత్రం మనింట్ల ఉపవాస కూటం,” అన్నది శకుంతల. వారం తరువాత కోడలికి ఆమె నేరుగా చెప్పిన మొదటి మాట ఇది. తొందరలో పరలోకం మీదుగా పంపడం మరిచిపోయింది. “సమాజపు ఆడోళ్లంత వస్తరు. కోడలేది అంటే నేనేం జెప్పాలె?”

“ఏదో ఒకటి చెప్తరు. మైకుల చెప్పుండ్రి, దూరమోళ్లకు గూడ ఇనవడ్తది.”

దెబ్బ సరిగ్గా తగలవలసిన చోటే తగిలింది. పోయిన శుక్రవారం మందిరంలో శకుంతల ప్రార్థన అలవాటైన శిఖరాలన్నీ దాటి, అలవాటులేని ఒక శిఖరానికి ఎక్కింది. సింధుకు మూడో నెలలో గర్భం పోయిన సంగతి భర్తకూ అత్తకూ తప్ప ఎవరికీ తెలియదు. కన్నతల్లికి కూడా తానే వెళ్లి పక్కన కూర్చుని చెప్పాలని దాచుకుంది. ఆ సంగతిని శకుంతల చేతిలో మైకుతో, కన్నీళ్లతో, దైవసన్నిధిలో సవివరంగా విన్నవించింది. మందిరం కప్పు మీది బూర ఆ విన్నపాన్ని నాలుగు వీధులకు చేరవేసింది.

“వదినా!” గడపలోనుంచి పిలుపు. పక్కింటి అజ్మత్ బీ. చేతిలో ఖర్జూరాల డబ్బా.

“రా అజ్మత్, కూసో,” అన్నది శకుంతల, రావద్దని మనసులో ప్రార్థిస్తూ.

అజ్మత్ బీ కూర్చోలేదు. నేరుగా సింధు దగ్గరికి పోయి గదవ పట్టుకుంది. “అరె బేటీ, ఆ దినం మైకుల ఇన్న. పానం ఆగలే. ఇంట్ల చుట్టాలుండిరి, రాలేకపోయిన. మా పర్వీన్‌కు గూడ మొదటిది గిట్లనే పోయింది. ఫికర్ జేయకు. గివి తిను, రక్తం పడ్తది.”

“తింట ఖాలా,” అన్నది సింధు. డబ్బా తీసుకుంది. నవ్వింది కూడా. అజ్మత్ బీ వెళ్లి, గేటు చప్పుడయ్యేవరకు ఆ నవ్వును అట్లాగే పట్టుకొని నిలబడింది.

తరువాత డబ్బాను బల్లమీద పెట్టింది.

“పాలోడు అడిగిండు. టైలర్ అడిగింది. మరిపెడల మా అమ్మకు కోడిమాంసం దుకాణం కాడ ఎవరో చెప్పిండ్రట. అమ్మ ఫోన్‌ల ఏడ్వలే అత్తమ్మా. ‘నాకెందుకు చెప్పలేదు బిడ్డా’ అని ఒక్కటే మాట అన్నది.”

“నేనేమన్న చాడీలు చెప్పిన్నా?” శకుంతల లేచి నిలబడింది. “దేవునికి చెప్పుకున్న. నా కోడలి కడుపు పండాలెనని మొక్కిన. దేవునికి చెప్పుకునుడు గూడ తప్పేనా?”

“దేవునికి చెప్పెటానికి మైకెందుకత్తమ్మా? ఆయనకు చెవుడా?”

ఇమ్మానుయేలు ఉప్మా పళ్లెంలోకి చూస్తున్నాడు, జవాబు జీడిపప్పుల మధ్య ఎక్కడో ఉందన్నట్టు.

“నా దగ్గర గూడ మీ ముచ్చట ఒకటున్నది,” అన్నది సింధు, గొంతు దించి. “పెండ్లయి వచ్చిన కాడినుంచి ఉన్నది. ఎవ్వరికన్న చెప్పిన్నా? ఈయనకన్న చెప్పిన్నా?”

శకుంతల ముఖంలో రంగు మారింది. సింధు లోపలికి వెళ్లిపోయింది. సూట్‌కేసు జిప్పు చప్పుడు ఇల్లంతా వినబడింది.

*

వెంకట్రాజం మగ్గం గుంటలో దిగి కూర్చున్నాడు. శకుంతల వచ్చి పక్కన నిలబడింది. ఇట్లా నిలబడడం ఆమెకు అలవాటు లేదు, ఆయనకూ లేదు. పోగుల మధ్య పరుగెత్తే నాడె ఆగింది.

“నేను తప్పు జేసిన్నా?”

“నన్నడుగుతానవా, దేవున్నడుగుతానవా?”

“నిన్నే.”

వెంకట్రాజం తలెత్తి చూశాడు. “పెండ్లయినంక నన్ను నేరుగ అడిగిన మొదటి మాట గిదే శకుంతలా. జర ఆగు, ఆనందపడనీ.”

“ఎకసెక్కాలకు ఇదా టైము?”

“ఎకసెక్కం గాదే. నా జర్దా సంగతే చూడు. ఎన్నేండ్ల సంది మొక్కుతానవు? ‘ప్రభువా, ఈయన నోట్లె నుంచి ఆ దయ్యాన్ని ఎళ్లగొట్టు’ అని దినాం మొక్కుతవు. నేను పక్కనే కూసోని ఇంట. సరే, ఆయననే అడుగుతాంది గదా, ఆయనే వచ్చి చెప్తడు, అప్పుడు ఇడుద్దాం అనుకున్న. నువ్వే నా మొకం చూసి, ‘నాకు భయమైతాంది, ఇడిచిపెట్టయ్యా’ అంటే ఆనాడే ఇడుస్తుంటి.”

“ఉత్తదే!”

“కావచ్చు. నువ్వు అడగలే గదా, మనకెట్ల తెలుస్తది?”

నాడె మళ్లీ కదిలింది. సంభాషణ ముగిసిందని మగ్గపు భాషలో దానికి అర్థం.

శకుంతల వంటింట్లోకి నడిచింది. కాళ్లు తేలిపోతున్నాయి. ఇది విశ్వాసంలో కలిగిన వణుకు కాదు, చక్కెర పడిపోతున్న వణుకు. ఆ రెంటికీ తేడా చెప్పింది సింధే. సింధు ఒక ప్రైవేటు దవాఖానలో నర్సు. కాపురానికి వచ్చిన కొత్తలోనే అత్త వేలు పొడిచి షుగర్ చూసి, శుక్రవారం ఉపవాసాలు కుదరవని ఖరాఖండిగా చెప్పింది. ఉపవాస సామ్రాజ్యానికి అది ప్రళయవార్త. ఒక రహస్య ఒడంబడిక కుదిరింది. శుక్రవారం పొద్దున ఎవరూ చూడకుండా ప్రెషర్ కుక్కర్ వెనుక ఒక స్టీలు డబ్బా ప్రత్యక్షమవుతుంది. అందులో ఇడ్లీలు, మూతమీద షుగర్ గోళి. సామ్రాజ్ఞి ఆరగిస్తుంది, ప్రతీతి నిలుస్తుంది.

ఇవాళ ఏమీ ఉండదనుకుంటూనే శకుంతల కుక్కర్‌ను పక్కకు జరిపింది.

డబ్బా ఉన్నది. మూతమీద గోళి ఉన్నది. డబ్బా ఇంకా వెచ్చగా ఉన్నది.

మాట్లాడని కోడలు, సూట్‌కేసు సర్దుకున్న కోడలు, తెల్లవారే లేచి ఇడ్లీ పెట్టి దాచింది. దాచిపెట్టడం ఎట్లాగో ఆ పిల్లకు తెలుసు. ఇడ్లీలను, ఇంటి గుట్టును, మనిషి పరువును.

శకుంతల డబ్బాను కొంగు కింద పట్టుకొని బీరువా గదిలోకి పోయింది. తలుపు వేసింది. గడియ పెట్టింది. ఆ గడియకు పని పడక తుప్పు పట్టి ఉండడం చేత, అది పడడానికి రెండు చేతులూ కావలసి వచ్చాయి.

*

మోకాళ్లూనింది. కొంగు కప్పుకుంది. గొంతు సవరించుకుంది.

“సర్వశక్తిగల ప్రభువా, సర్వలోకాలనేలే తండ్రీ, కెరూబుల మధ్య కొలువైన మహారాజా...”

ఆగింది. ఇక్కడ సమాజం ‘స్తోత్రం’ అనాలి. ఎవరూ అనలేదు. బీరువా అనలేదు, కుట్టుమిషను అనలేదు, గోడవార పేర్చిన జంపఖానాలు అనలేదు.

“నా కొడుకుకు తల్లిమాట ఇనే మనసియ్యి...” ఇది కొడుకు వినవలసిన మాట. “నా పెనిమిటి నోటిని శుద్ధి జెయ్యి...” దీని చిరునామా మగ్గం గుంట. “సంఘంల గర్విష్ఠులను అణచు...” ఇది సమాజపు కార్యదర్శి శ్రీలతకు చేరవలసినది. వాడుకలో ఉన్న ప్రార్థనలన్నింటినీ శకుంతల ఒక్కొక్కటిగా పైకి తీసి చూసింది. ప్రతిదాని మీదా భూలోకపు చిరునామాయే ఉన్నది. ఇన్నేళ్లుగా లోకాలను సృష్టించినవాణ్ణి తాను తపాలా బంట్రోతుగా పెట్టుకున్నదని, ఆయన మారుమాట లేకుండా సంచి మోస్తూ వచ్చాడని, ఆ సంచిలో ఆయనకని ఒక్క ఉత్తరమైనా లేదని ఆమెకు తెలిసింది.

తరువాత మాట దానంతట అదే వచ్చింది. దానికి కెరూబు దూతలు లేరు, సింహాసనం లేదు.

“నాకు నీ మీద కోపమున్నది.”

అని, భయపడి తల వంచింది. ఏమీ కూలలేదు.

“పిల్ల నీళ్లోసుకున్నదని తెలిసిననాడు పొయ్యికాడ నిలవడి నిన్నొక్కటే అడిగిన. మెల్లగ అడిగిన. ‘ఈ ఒక్కటి నిలవెట్టు’ అన్న. నువ్వు నిలవెట్టలే. మెల్లగ అడిగితే ఇయ్యవు గదా అని, మైకు దొరకంగనే గట్టిగ అడిగిన. నలుగుట్ల నిలవెట్టి అడిగితే సిగ్గుకన్న ఇస్తవనుకున్న. నిన్ను సిగ్గువెడ్దామని పోయి, పిల్లను బజారుల నిలవెట్టిన.” ముక్కు తుడుచుకుంది. “ఇడ్లీల ముచ్చట గూడ నీకెర్కే. ఇన్నేండ్లు ఎర్కలేనట్టు ఊకున్నవు. నువ్వూ నా కోడలు ఒక్కతీరే ఉన్నరు.”

అప్పుడు తలుపు కింది సందులో వెలుగు తెగింది. అవతల ఎవరో నిలబడ్డారు. రెండు పాదాల నీడ. నర్సులు తొడుక్కునే తెల్ల చెప్పులు.

శకుంతల ఆ చెప్పులను గుర్తుపట్టింది. అలవాటు మేల్కొన్నది. ఇంతకంటే గొప్ప సభ దొరకదు! ఇప్పుడు గొంతు ఒక్క మెట్టు పెంచి, ‘నా కోడలు బంగారం తండ్రీ, నేనే పాపిని’ అంటే చాలు. అది నిజం కూడా. తలుపు తెరుచుకుంటుంది, సూట్‌కేసు జిప్పు వెనక్కి తెరుచుకుంటుంది, సాయంత్రం కూటంలో కోడలు పక్కన ఉంటుంది. మాట నాలుక చివరికి వచ్చి నిలబడింది, పల్లకీ ఎక్కడానికి సిద్ధంగా.

ఆమె నోరు మూసుకుంది.

జీవితంలో చాలా విడిచానని సాక్ష్యాలు చెప్పిన శకుంతల, నిజంగా విడిచింది ఇదే. ఆ తరువాత ఆమె ఆయనతో చెప్పినది తలుపు దాటలేదు, పెదవి కూడా దాటలేదు. కాని గది ఖాళీగా లేదు. ఎవరో దగ్గరగా కూర్చుని ఉన్నారు, తొందరలో లేరు, ‘స్తోత్రం’ కోసం ఎదురుచూడడం లేదు. ఇంత మాటకారికి, ఎదుటివాడు వింటున్నాడో లేడో అన్న అనుమానం కలగకపోవడం ఇదే మొదటిసారి.

రెండు చేతులతో గడియ తీసింది.

“నా గురించేనా ప్రార్థన?” సింధు గొంతులో ముల్లున్నది. “మధ్యల ఆపిండ్రు. నేనొచ్చింది చూసిండ్రా?”

“చూసిన.”

“మరి ఆపుడెందుకు?”

“అది ఆయనకు చెప్పేది. నీకు చెప్పేది వేరే ఉన్నది.” శకుంతల కోడలి ముఖంలోకి చూసింది. కళ్లు తెరుచుకొని మాట్లాడడం ఎంత కష్టమో ఆ క్షణంలో తెలిసింది. “తప్పు జేసిన బిడ్డా. నీ ముచ్చట నీది. నిన్నడగకుంట మైకుల వెట్టిన. దేవుని పేరు అడ్డం వెట్టుకోను. తప్పు నాదే.”

వారంగా సింధు సిద్ధం చేసుకున్న జవాబులన్నీ వేరే మాటలకు.

“నేను పోవుడు ఆగది,” అన్నది చివరికి.

“పోయి రా. మీ అమ్మ పక్కన కూసో. నేను ఆపుతలేను.” శకుంతల గడప మీదనే కూర్చుని డబ్బా మూత తీసింది. ఇడ్లీ తుంచి నోట్లో పెట్టుకుంది, పగటి వెలుతురులో, హాలులోకి ఎదురుగా.

“అత్తమ్మా, ఎవరన్న చూస్తరు!”

“చూడనీ.”

“గోళి ఏసుకున్నరా?”

“ఏసుకుంట.”

సింధు వంటింట్లోకి పోయి నీళ్ల గ్లాసు తెచ్చి పక్కన పెట్టింది. తరువాత సూట్‌కేసు తెచ్చి తలుపు దగ్గర పెట్టింది. రెండూ ఒకే చేతితో, ఒకే శ్రద్ధతో.

*

సాయంత్రానికి స్త్రీల సమాజం సపరివారంగా విచ్చేసింది. వెంకట్రాజం నేసిన జంపఖానాల మీద తెల్లచీరలు పరుచుకున్నాయి. కార్యదర్శి శ్రీలత చక్రాలున్న స్పీకరును రథంలా లాక్కుంటూ వచ్చింది. మీట నొక్కగానే దానికి నీలం, ఎరుపు దీపాలు వెలిగాయి. ఏ పెండ్లి బరాత్‌లోనో నాట్యం చేసి వచ్చిన స్పీకరు అది. ఆ అలవాటు పోలేదు.

“వందనాలు అందరికీ,” అన్నది శ్రీలత మైకులో. “ఇయ్యాల గూడ మన శకుంతలక్క పచ్చిమంచినీళ్లు ముట్టకుంట...”

“శ్రీలతా,” అన్నది శకుంతల.

“...కన్నీళ్లతోని ప్రభువు పాదాలు పట్టుకుంటది. అక్క కోడలు సింధు గర్భఫలం కోసం అందరం ఏకమనసుతోని గట్టిగ...”

శకుంతల లేచి మైకు అందుకొని మీట కిందికి నొక్కింది. దీపాలు ఆరాయి. రథం మూగబోయింది.

“నా కోడలి ముచ్చట ఇయ్యాల కూటంల లేదు.”

శ్రీలత కనుబొమలు లేచాయి. “ప్రార్థనే గదక్కా. మంచికే గదా.”

“ఆ ప్రార్థన అయిపోయింది. పొద్దున. లోపట గదిల. నేను, ఆయన.”

“మరి మేము?”

“మీరు లేరు.”

జంపఖానాల మీద గుసగుస పుట్టింది. కాశిబుగ్గ సామ్రాజ్యంలో మైకు తనంతట తాను దిగిన సంఘటన ఎవరికీ గుర్తులేదు. కొందరికి అది అలకలా తోచింది, కొందరికి చక్కెర పడిపోయినట్టు. రెండో అనుమానం పొద్దుననే వచ్చి ఉంటే సమాజంలో అదే మొదటి నిజమయ్యేది. శకుంతల మాత్రం నిటారుగా కూర్చున్నది. ఇంతమంది ఎదుట చెప్పడానికి ఏమీ లేకపోవడం ఇంత తేలికగా ఉంటుందని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

బయట ఆటో హారన్ మోగింది. బస్టాండుకు పోవడానికి ఇమ్మానుయేలు పిలుచుకొచ్చిన ఆటో.

సింధు సూట్‌కేసుతో హాలులోకి వచ్చింది. ముసుగు కింది కళ్లన్నీ ఆమె పొట్ట మీదికి, అక్కడినుంచి సూట్‌కేసు మీదికి, అక్కడినుంచి శకుంతల మీదికి ప్రయాణించాయి. సింధు గడప దాకా వెళ్లింది. ఆగింది. సూట్‌కేసును గోడకు ఆనించింది.

“పొద్దున నా వంతు మిగిలిపోయింది,” అన్నది.

తెల్లచీరల మధ్యనుంచి దారి చేసుకొని వచ్చి, అత్త ఒడిలో ఉన్న మైకు తీసుకుంది. చున్నీ తలమీదికి లాక్కుంది. మీట పైకి నొక్కింది. నీలం దీపాలు, ఎరుపు దీపాలు వెలిగాయి.

“ప్రభువా,” అన్నది సింధు. “మా అత్తమ్మ గురించి ఈడ ఉన్నోళ్లెవ్వరికీ తెల్వని సంగతి ఒకటి నాకెర్క.”

భక్తితో మూసుకొని ఉన్న కళ్లన్నీ ఒక్కసారిగా తెరుచుకున్నాయి. శ్రీలత కళ్లు అందరికంటే ముందు.

శకుంతల కళ్లు తెరవలేదు. పిల్ల ఏమి చెప్పబోతున్నదో ఆమెకు తెలియదు; ఏది చెప్పినా అది వినవలసినవాడి దగ్గర పొద్దుననే ఉన్నదని మాత్రం తెలుసు. కొంగు సర్దుకొని, తల కొద్దిగా వంచి, ఇన్నేళ్లలో ఎన్నడూ లేనట్టుగా మరొకరి ప్రార్థన వినడానికి కూర్చున్నది.

ఆటో మరోసారి హారన్ కొట్టింది. సింధు ఊపిరి పీల్చుకోవడం కాశిబుగ్గ అంతటికీ వినబడింది.